ఎదురుగా మడత పెట్టకూడదు

ఇవాళ చీరాల నుంచి వచ్చిన చీరల మూట విప్పగానే గంజి వాసన ముక్కుకు తగిలింది. రేపల్లెలో నాన్న బట్టల కొట్టు గుర్తొచ్చింది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, గోడకు నిలువుటద్దం, గుమ్మం పక్కన మంచినీళ్ల కూజా. అలాంటి పరుపు మీద అమ్మ బేరమాడుతుంటే విసుగెత్తి నిద్రపోయినవాళ్లమే కదా మనమంతా.

నాకప్పుడు పదేళ్లు. భట్టిప్రోలు నుంచి ఒకావిడ వచ్చి చీరలు చూస్తుంటే, వద్దన్నవన్నీ పక్కనే కూర్చుని చకచకా మడత పెట్టేశాను. నాన్నకు సాయం చేస్తున్నాననుకున్నాను. ఆవిడ చేతిలోని చీర కూడా వదిలేసి లేచి వెళ్లిపోయింది.

నాన్న కోప్పడలేదు. "మనిషి ఎదురుగా ఉండగా మడత పెట్టకూడదమ్మా. ఇక లెగండి అన్నట్టే అది. వీధి మలుపు తిరిగాక పెట్టుకోవాలి," అన్నాడు.

మొన్న చిన్న వ్యాపారులకు పెట్టిన శిక్షణలో రెండు రోజులు కూర్చున్నాను. నోటుపుస్తకం నిండింది గానీ, ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు.

అయినా తెనాలిలో నా కొట్టుకు వచ్చేదెవరు? ఫోన్లో ఫొటోలు పెడతాను, నచ్చినవి కొరియర్లో వెళ్లిపోతాయి. పరుపు మీద రోజంతా నేనొక్కదాన్నే.

ఈ మధ్యాహ్నం ఎండకు తాళలేక ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. తొమ్మిది చీరలు విప్పించుకుని చూసింది.

"ఊరికే చూశానమ్మా, ఏమనుకోమాక."

"పర్లేదు పిన్నిగారూ, కాసేపు కూర్చోండి."

బాపట్ల బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఆవిడ మలుపు తిరిగి గంట దాటింది. తొమ్మిది చీరలూ పరుపు మీద అలాగే ఉన్నాయి. మడత పెట్టబుద్ధి కావడం లేదు.