శేషయ్య గారు మోసిన పేరు

ఈ మాట నా లోపల పడి నలభై ఏళ్లు దాటింది. అరగలేదు, కరగలేదు. పెళ్లయింది, పిల్లలయ్యారు, మనవలు వచ్చారు, ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం రాయడం లేదు. ఇప్పుడు కూడా దాక్కునే మాట్లాడుతున్నాడే అని మీకు అనిపించవచ్చు. నిజమే. అలవాటు పోలేదు.

డెబ్బైల్లో తిరువూరు బజారులో మాకు ఎరువుల కొట్టు ఉండేది. నాన్న గల్లాపెట్టె దగ్గర, నేను కాటా దగ్గర. నాకు నత్తి. చిన్నప్పుడు కొంచెమే, పెరిగేకొద్దీ ఎక్కువైంది. రైతు వచ్చి యూరియా ధర అడిగితే నేను నోరు తెరిచేలోపు నాన్నే చెప్పేసేవాడు. నన్ను కాపాడుతున్నాననే ఆయన అనుకునేవాడు. ఒక్కోరోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడే అవసరం నాకు వచ్చేది కాదు. ఇంతమంది తిరిగే బజారులో అంత ఒంటరితనం ఉంటుందని ఎవరైనా నమ్ముతారా?

బియ్యం మిల్లు పక్కన ఒక రీడింగ్ రూము ఉండేది. ఆదివారం సాయంత్రం అక్కడ చర్చ జరిగేది. దానికి కొన్ని మర్యాదలు పెట్టుకున్నారు. మాట్లాడేవారు లేచి నిలబడి, పేరూ ఊరూ చెప్పుకుని మొదలుపెట్టాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు తగలకూడదు. మాటను ఎంతైనా ఖండించవచ్చు, మనిషిని అనకూడదు. నేను వెనక బెంచీ మీద కూర్చుని వినేవాణ్ణి. పేరు చెప్పుకోవడమే నాకు పెద్ద గండం, ఇక చర్చ ఎక్కడ?

బాలికల స్కూల్లో పనిచేసే రాజ్యలక్ష్మి టీచరు గారు ఆ సభకు వచ్చే ఒకే ఒక్క ఆడమనిషి. ఒక ఆదివారం ఆవిడ లేచి, "అందరికీ నిలబడి మాట్లాడటం కుదరదు కదండీ. చెప్పాలనుకున్నది చీటీ మీద రాసి డబ్బాలో వేస్తే అధ్యక్షులు చదువుతారు. పేరు రాయక్కర్లేదు" అన్నారు. అంటూ నా వైపు చూశారు. అందరూ తిరిగి నా వైపు చూశారు. ఆవిడ చూపులో దయ ఉంది. ఆ దయకు నేను కరిగిపోయాను. అందరి ముందూ నన్ను చూపించినందుకు కుతకుతలాడిపోయాను. ఈ రెండిట్లో ఏది నా చేత ఆ పని చేయించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి చీటీ ఆవిడ మీదే రాశాను. 'టీచరు గారు మమ్మల్ని కూడా గోడకుర్చీ వేయిస్తారా?' అని. చేతిరాత పోల్చుకోకుండా అచ్చు అక్షరాల్లా విడివిడిగా రాశాను. అధ్యక్షుల వారు చదివారు, నియమం ప్రకారం చింపి బుట్టలో వేశారు. గదంతా నవ్వింది. అంతవరకు నేను మాట్లాడే తీరు చూసి నవ్వినవాళ్లే గానీ, నా మాటకు నవ్వినవాళ్లు లేరు. ఆ రుచి తలకెక్కింది.

తర్వాత చేసింది ఇంకా నీచం. ఆవిడను ఎగతాళి చేస్తూ పేరు లేకుండా ఒక చీటీ, ఆవిడను వెనకేసుకొస్తూ నా సంతకంతో ఇంకో చీటీ. రెండూ ఒకే డబ్బాలో వేసేవాణ్ణి. రెండోది చదవగానే ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి చిన్నగా నవ్వేవారు. వారమంతా ఆ నవ్వు తలుచుకుంటూ బతికేవాణ్ణి. మళ్లీ నవ్వాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఆవిడను అవమానించాలి కదా?

ఆడపిల్లల చదువు మీద చర్చ జరిగిన రోజు హద్దు దాటాను. ఆవిడ భర్తను వదిలేసి వచ్చారని ఊళ్లో చాటుగా అనుకునేవారు. 'సొంత కాపురం నిలబెట్టుకోలేనివాళ్లు ఊరి ఆడపిల్లలకు దారి చూపిస్తారా?' అని రాశాను. చదువుతున్న అధ్యక్షుల గొంతు మధ్యలో ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చున్నారు. ఆ తర్వాత నా పేరున్న చీటీ చదివారు. ఆ రోజు ఆవిడ వెనక్కి తిరగలేదు.

మర్నాడు ఆవిడ కొట్టుకు వచ్చారు. నాన్న భోజనానికి వెళ్లాడు.

"మీరు రాసింది విన్నానండీ. ఆ గదిలో నా మనిషంటూ మీరొక్కరే ఉన్నారు" అన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు వెనక కూర్చుంటారు కదా, అందరూ కనపడతారు. ఆ చీటీ వేసింది ఎవరో చూశారా?"

నేను కాటా మీది రాళ్లు సర్దడం మొదలుపెట్టాను.

"వినగడప శేషయ్య గారేనా?"

తల ఊపాను.

నత్తి వల్ల నిజం చెప్పలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. అబద్ధం. అడ్డంగా ఊపడానికి కూడా అదే తల కదా.

శేషయ్య గారు వినగడప నుంచి సైకిలు మీద వచ్చే రైతు. ఆవిడ ఏమన్నా కాదనేవారు. పెద్ద గొంతు, మోటు మాట, ముక్కు మీద కోపం. అయితే ఏమన్నా లేచి నిలబడి, పేరూ ఊరూ చెప్పుకునే అనేవారు. ఆ గదిలో మర్యాద నిజంగా పాటించింది ఆయనే. కానీ చీటీ రాసి ఉంటారంటే ఎవరికైనా ముందు ఆయనే గుర్తొస్తారు. మోటుగా మాట్లాడేవాడు కదా!

టీచరు గారు ఎవరితో అన్నారో గానీ, ఆ పై ఆదివారానికి మాట అందరికీ పాకింది, ఆయన్ను గుమ్మంలోనే ఆపేశారు. "ఏంటయ్యా ఇది? తిట్టాలంటే మొహమ్మీదే తిడతాను గానీ, నాకు చీటీలెందుకు?" అని అరిచారు. అందరి మొహాలూ చూశారు, నా మొహం కూడా. నేను బెంచీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన సైకిలు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత నేను చెడ్డ చీటీలు రాయడం మానేశాను. పశ్చాత్తాపంతో మానేశానని చెప్పుకోవాలని ఉంది. రాస్తే ఆయన కాదని తెలిసిపోతుంది, అందుకని మానేశాను. చీటీలు ఆగిపోయేసరికి అందరి అనుమానమూ తీరిపోయింది. ఊరు ఆయనకు ఆకాశరామన్న అని పేరు పెట్టింది. ఎదిరించి మాట్లాడేవాడు లేక చర్చ చప్పబడింది. టీచరు గారు కూడా రావడం తగ్గించారు, తర్వాత బదిలీ మీద వెళ్లిపోయారు. వెనకేసుకు రావడానికి నాకు ఎవరూ మిగల్లేదు.

శేషయ్య గారు మాత్రం మా కొట్టుకు రావడం మానలేదు. ఒకసారి బస్తా సైకిలుకు కట్టుకుంటూ, "అబ్బాయ్, ఆ రోజు అందరూ తలో మాటా అన్నారు. నువ్వొక్కడివే ఏమీ అనలేదు. అది నేను మర్చిపోను" అన్నారు. తాడు రెండో కొస పట్టుకుని ఉన్నది నేనే. చెప్పాలనుకుంటే అప్పుడు చెప్పగలిగేవాణ్ణి. కొట్టులో ఇంకెవరూ లేరు. ముడి వేసి పంపించాను.

మొన్న బస్టాండులో వినగడప మనుషులు ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను. "మన ఆకాశరామన్న పోయాడంట." "ఎప్పుడు?" "తెల్లారగట్ల." శేషయ్య పోయాడని వాళ్లు అనలేదు. ఆ పేరు వాళ్ల నోట రాలేదు. వాళ్లు కుర్రవాళ్లు, ఆ మారుపేరు ఎలా వచ్చిందో కూడా తెలిసి ఉండదు. వినగడప వెళ్లాలంటే ఎక్కాల్సిన గంపలగూడెం బస్సు నా ముందే ఆగింది, మనుషులను ఎక్కించుకుంది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. వెళ్లి ఆయన కొడుకు ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడను?

మీరు క్షమించాలని అడగడం లేదు. క్షమించగలిగినవారు ఇద్దరే. ఒకరు పోయారు, ఇంకొకరు ఎక్కడున్నారో తెలియదు. ఇది రాస్తుంటే గుండెల్లో ఏదో కొద్దిగా వదులైంది. అంతే, అంతకు మించి నాకు రావలసింది లేదు. ఒక్క మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి. ఆ చీటీలు రాసింది వినగడప శేషయ్య గారు కాదు. నేను.