రుమాల్లో ఉప్పు పొట్లం

ఎడారుల్లో తిరిగాను, మంచుకొండల్లో తిరిగాను, దీవుల్లో తిరిగాను. దేవుడు ఎవరైనా సరే, ఆయన వాకిట్లో కర్ర లేని కాపలాదారు ఒకడు తప్పకుండా తగులుతాడు. ఎవరూ నియమించరు, జీతం ఇవ్వరు, తనంతట తనే మొలుస్తాడు. జపాన్లో నేను స్థిరపడిన ఈ చిన్న ఊరి గుళ్ళో ఆ మొలక పేరు సెన్‌బా యసుకిచి.

చాపల కొట్టు కొడుక్కి అప్పగించాక, గుళ్ళోకి వెళ్ళేముందు చేతులూ నోరూ కడుక్కునే నీళ్ళతొట్టి పక్కన నిలబడి వచ్చినవాళ్ళ చేతులు చూడటమే ఆయన పని. "ఎడమ చెయ్యి ముందండీ! గరిటె మూతికి తగిలించకండి, అదేమన్నా మీ ఇంటి సూపు గిన్నా?" అంటాడు. దారి మధ్యలో నడిస్తే "మధ్యది దేవుడి దారి, పక్కకు జరగండి!" అంటాడు. వెనకున్న తోట వందల ఏళ్ళ నాటిది. అందులో నాచు మీద ఎవరి నీడైనా పడితే, ఆ నాచు తనే నాటినట్టు విలవిల్లాడతాడు.

కిందటేడు ఒకిట్సు మిత్సుయో అనే ముసలావిడ, భర్త పోయిన కొద్దిరోజులకు, ఆయనకు ఇష్టమైన ఐరిస్ పూలు చూద్దామని తోటకు వచ్చింది. సెన్‌బా గుడి ముందరి తొరీ ద్వారం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మైలతో లోపలికా? తీరాక రండమ్మా. ఈ దేవుడికి చావంటే గిట్టదని తెలీదూ?"

ఆవిడ తల వంచి వెళ్ళిపోయింది. మైల తీరేసరికి పూలు వాడిపోయాయి. ఆచారం ఆచారమే, కాదనను. కానీ ఆ మాట చెబుతూ ఆయన చప్పరించిన రుచి ఉందే, అది ఆచారంలో లేదు.

ఈ ఏడు పండక్కి దేవుడి పల్లకి ముందు నడిచే పెద్దగా సెన్‌బాను ఎంచారు. బతుకంతా దానికోసమే కాచుకున్నాడు. సరిగ్గా అప్పుడే హిమేజీలో ఆయన అన్న పోయాడు. మైల పడితే పల్లకి చేజారుతుంది. మళ్ళీ వంతు వచ్చేదాకా తను బతకడు. అందుకని దహనానికి దొంగలా వెళ్ళొచ్చి, వేడినీటి బుగ్గల్లో స్నానాలకు వెళ్ళానని చెప్పి, సాక్ష్యంగా స్టేషన్లో కొన్న తీపి బన్నులు ఇంటింటికీ పంచాడు. నాకూ ఇచ్చాడు. శుభ్రంగా తిన్నాను.

పండగ ఉదయం వంశముద్రల కిమోనో తొడుక్కుని, పల్లకి లేవకముందు తొట్టి దగ్గర ఆగి చేతులు కడిగాడు. అదీ ఒక పాఠమే.

"చూశారా, తుడుచుకోడానికి ఎవరి రుమాలు వాళ్ళదే!" అంటూ కిమోనో చేతిలోంచి రుమాలు లాగి విదిల్చాడు.

చిన్న పొట్లం రాతి మీద పడింది. 'శుద్ధి ఉప్పు' అని దానిమీద అచ్చు. చావింట్లో అందరికీ ఇచ్చేదే. సొంత గడప దాటేముందు ఒంటిమీద చల్లుకోవాలి. వాకిట్లో చల్లుకుంటే పొరుగువాళ్ళు చూస్తారని, మహానుభావుడు రుమాల్లో మడిచి మరిచిపోయాడు.

"అది... గుడ్డుకండీ," అన్నాడు. "ఉడికించిన గుడ్డు తిందామని... ప్రయాణంలో..."

పూలు చూడటానికి వచ్చిన మిత్సుయో వంగి పొట్లం తీసింది. అటూ ఇటూ తిప్పి చదివింది.

"అయ్యో పాపం. ఆ గుడ్డు మీకేమవుతుందండీ?"

"అన్న," అన్నాడు సెన్‌బా, నోరు జారి.

పల్లకి బోయీలు నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. పూజారి దగ్గాడు. "సెన్‌బా గారూ, తొరీ బయటికి దయచేయండి."

"పక్కగా నడవండేం," అంది మిత్సుయో పొట్లం చేతిలో పెడుతూ. "మధ్యది దేవుడి దారి."

పల్లకి ఇంకొకరి వెనక కదిలింది. ఇప్పటికైనా చచ్చిన అన్న కోసం ఓ కన్నీటి చుక్క రాలుస్తాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ద్వారం బయట నిలబడి, ఎవరో పరాయి ఊరి ఆడమనిషిని గదమాయిస్తున్నాడు.

"టోపీ తియ్యండి! లోపలికి వెళ్ళేముందు వంగాలని మీ ఊళ్ళో చెప్పరా?"