ఇంకులో మారిన మొహాలు

నా బొమ్మల కథలో ప్రతి పేజీ మీదా ఇద్దరి చేతులు పడాలి. నంద్యాలలో నేను కాగితాన్ని గడులుగా విడగొట్టి, మాటల బుడగలకు ముందే చోటు వదిలి, పెన్సిల్‌తో బొమ్మలు గీస్తాను. గీత లేతగా ఉండాలి. ఇంకు ఆరాక రబ్బరుతో రుద్దితే ఆనవాలు మిగలకూడదు. ఆ గీతల మీద కుంచెతో నల్ల ఇంకు వేసేది ఆళ్లగడ్డలో ఉండే నా చెల్లెలు. పేజీని రెండు అట్టల మధ్య పెట్టి బస్సు డ్రైవర్ చేతికిస్తే, అక్కడ స్టాండులో బావ తీసుకుంటాడు. బావ శిల్పి. ఇంటి ముందరే షెడ్డు.

ఈసారి కథ కోయిలకుంట్ల దగ్గర శనగ చేలో మేస్త్రీని తిట్టే ముసలామెది. నొసలు ముడిచి, పళ్లు కనిపించేలా నోరు తెరిచి గీసి పంపాను. తిరిగొచ్చిన పేజీలో ఆమె సన్నగా నవ్వుతోంది. సాగదీసిన కళ్లు సగం వాలి ఉన్నాయి. బుడగలో బండబూతు, కింద అమ్మవారి మొహం!

మొదట పొరపాటనుకున్నాను. తర్వాతి పేజీలో మేస్త్రీకీ అదే చిరునవ్వు. నాకసలే అనుమానం ఎక్కువ. టీ రుచి మారితే పాలవాణ్ణి వదిలి ఇంట్లోవాళ్లను నిలదీసే రకం. ఇది బావ పనే అని తేల్చుకున్నాను. రోజంతా దేవతల మొహాలు చెక్కే మనిషి, నా బొమ్మల్ని కూడా దిద్దుతున్నాడు. రేపు పుస్తకం మీద తన పేరూ వేయమంటాడు. ఫోన్ చేస్తే చెల్లెలు, "అంతా నేనే చేస్తాండా అన్నా" అని టక్కున పెట్టేసింది. ఆ తొందరతో అనుమానం ఇంకా ముదిరింది. చెప్పకుండా బస్సెక్కాను.

షెడ్డులో కోత మిషను మోగుతోంది. బావ ఒళ్లంతా రాతిదుమ్ము.

"ఏందప్పా, చెప్పకుండా వస్తివి?" అన్నాడు.

"ఊరికే" అని లోపలికి పోయాను.

చెల్లెలు కిటికీ దగ్గర పేజీ మీద వంగి ఉంది. ముక్కు కాగితానికి తగిలేటంత దగ్గరగా. నా గీత ఒకపక్క ఉంటే కుంచె ఇంకోపక్క పోతోంది. మొహం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఎడమచేతి వేళ్లతో గాలిలో ఏదో తడిమినట్టు చేసి, కళ్లు, ముక్కు, పెదవి గబగబా వేసేసింది.

"ఏందిమా ఇది? నా గీత కనపడలేదా?"

ఉలిక్కిపడింది. "లేదన్నా" అంది. "కండ్ల నరం ఎండిపోతాందంట. ఆపరేషన్ కూడా లేదంట. నీ పెన్సిల్ గీత కంటికి ఆనడంల్యా. మీ బావ చేసిన బొమ్మల్ని దినామూ కడిగి తుడిచేది నేనే గదా, ఆ మొగాలు చేతికి తెలుసు. అవే ఏస్తాండా."

నాకు సిగ్గేసింది. పాపం, బావను దొంగను చేసి వచ్చాను.

"మరి నాకు చెప్పాల గదమా?"

"చెప్తే పని ఇంగొకరికి ఇస్తావు. ఇది పోతే నాకేముందన్నా?"

ఇవ్వనని వెంటనే అనాల్సింది. కానీ నా కళ్లు పాడైన పేజీ మీదే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే చెల్లెలు కుంచె కడిగి, కొంగుకు తుడిచి, తడుముకుంటూ నా సంచిలో పెట్టేసింది.