మూడు కిలోల తరుగు

ఇమ్మానుయేల్ సారు పేరెత్తితే మరిపెడలో ఎవరైనా ఒకటే మాట అంటారు: "పిల్లగాన్ని ఎండల ఉరికిచ్చి కిడ్నీలు ఖరాబు చేసిన సారే గదా!" పేపర్లో కూడా అట్లాగే పడింది. 'పీఈటీ నిర్వాకం' అని పెద్దక్షరాలు, కింద ఫొటో. ఆ పేపరునే చించి మా దుకాణంలో పల్లీలు పొట్లం కట్టిచ్చాం. నిర్వాకం ఎవరిదో నాకు తెలుసు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని పెద్దలు ఊరికే అనలేదు. నాకు ఇప్పుడు మానం పోయినా ఫర్వాలేదనిపిస్తోంది.

నా పేరు రాజేందర్. బజార్లో మాది మూడు తరాల దుకాణం. ముందు గదిలో కిరాణా, బెల్లం, నూనె అమ్ముతాం. వెనక షెడ్డులో తండాల రైతుల దగ్గర మిర్చి, పత్తి కొంటాం. అమ్మేందుకు ఒక కాంటా, కొనేందుకు ఇంకొక కాంటా. ముందుది చిన్నది, సరైన తూకం. వెనకది మనిషి నిలబడేంత పెద్దది, క్వింటాలుకు మూడు కిలోలు తక్కువ చూపిస్తుంది. మా నాయిన కాలంలో తరుగు అని నోటితో చెప్పి తీసేవాళ్ళం. నా కాలం వచ్చేసరికి ఆ పని మిషనుకే నేర్పించాను. ఇందులో తప్పేముంది, వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలే అనుకునేవాణ్ని.

ఇమ్మానుయేల్ సారుది భూపాలపల్లి దిక్కు ఘనపూర్. తల్లి కైకిలి కూలికి పోయి చదివించింది. కబడ్డీలో జిల్లాకు ఆడాడు. రాష్ట్రానికి పోవాల్సిన ఏడే మోకాలు విరిగింది, అప్పటి నుంచి కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. పదకొండేళ్ళ నుంచి కాంట్రాక్టు పీఈటీ. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్ళీ పెట్టుకునే నౌకరీ అది. పోయిన జూన్‌లో మా ఊరి బయట ఉన్న మగపిల్లల హాస్టలు బడికి వచ్చాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది, అరిస్తే రోడ్డు దాకా వినపడుతుంది. కానీ పిల్లల మీద చెయ్యెత్తగా ఎవరూ చూడలేదు.

అంతకుముందు ఆ బడి ఒక బందెలదొడ్డి. పిల్లలకు ఒళ్ళంతా గజ్జి. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను కొట్టేవాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు గోడ దూకి తండాలకు పారిపోయేవాళ్ళు. సారు వచ్చిన వారానికే ముళ్ళకంప కొట్టించి, చెరువుమట్టి పోయించి, సున్నంతో కబడ్డీ కోర్టు గీశాడు. పొద్దున అయిదున్నరకు విజిల్. కూతకు దిగాలంటే స్నానం చేసి ఉండాలి, గోళ్ళు తీసి ఉండాలి, ముందురోజు అన్ని క్లాసులకూ పోయి ఉండాలి. నెల తిరిగేసరికి గజ్జి పోయింది, గోడ దూకడం ఆగింది. లెక్కల సారు మా దుకాణానికి వచ్చి, "ఏం మంత్రమేసిండో గానీ సేటు, క్లాసుల ఒక్కడు గూడ కునుకు తీస్తలేడు" అన్నాడు. ఆటగాళ్ళకు రోజూ ఇంకొక గుడ్డు, పల్లీపట్టి ఇవ్వాలని ఇమ్మానుయేల్ సారు ప్రిన్సిపాల్‌తో కొట్లాడి సాధించాడు. ఆ పల్లీలు, ఆ బెల్లం మా దుకాణం నుంచే పోయేవి.

ఆ పిల్లల్లో కల్యాణ్ అని ఒకడు. ఎనిమిదో తరగతి. తండాలో ఉండే జమ్లీ కొడుకు, తండ్రి లేడు. ముందటేడు తల్లి వెంట మిర్చి ఏరడానికి పోయి సగం ఏడు బడి మొహమే చూడలేదు. కూతకు పోయాడంటే మాత్రం నలుగురు పట్టినా సబ్బుబిళ్ళలా జారిపోయేవాడు. అక్టోబరులో జనగామలో ఎంపిక పోటీలు. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది, ఇంటర్ దాకా తిండి, చదువు, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే సంక్రాంతి దాటగానే మళ్ళీ మిర్చి చేనుకే.

"వీన్ని జనగామ దాటిస్తే నా మోకాలు నాకు మళ్ల వచ్చినట్టే సేటు" అన్నాడు సారు ఒకసారి.

పద్నాలుగేళ్ళ లోపు జట్టులో ఆడాలంటే యాభై ఒక్క కిలోలు దాటకూడదని నియమం. బడిలో తూకం మిషను ఎప్పుడో చెడిపోయింది. అందుకని ప్రతి శనివారం సాయంత్రం సారు పన్నెండు మంది పిల్లలను మా షెడ్డుకు తీసుకొచ్చేవాడు. ఒక్కొక్కడు కాంటా ఎక్కి, ఊపిరి బిగబట్టి, చేతులు కిందికి పెట్టి కదలకుండా నిలబడేవాడు. నేను అంకె చదివేవాణ్ని, సారు నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. కల్యాణ్ దిగుతూ దిగుతూ ప్రతిసారీ అడిగేవాడు: "సారూ, ఎంతున్న?"

నాకు ఆ శనివారాలు ఇష్టంగా ఉండేవి. అబద్ధమెందుకు, మా దుకాణంలో పిల్లల నవ్వులు వినపడి చాలా ఏళ్ళయింది.

ఆగస్టులో ఒకరోజు సారు కల్యాణ్ తూకం రాసుకుంటూ, "ఇంక కిలో మీద జాగ ఉన్నది. ఫికరు లేదు, తిననియ్" అన్నాడు. నోటి దాకా వచ్చింది. సారూ, ఈ కాంటాను నమ్మకండి అనబోయాను. అప్పుడే షెడ్డులో ఇద్దరు రైతులు బస్తాలు దించుతున్నారు. నోరు మూసుకున్నాను. పిల్లవాడి ఒంటికి మూడు కిలోల తరుగు ఎంతొస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంతొస్తుందో లెక్కవేసే తీరిక కూడా చేసుకోలేదు. జనగామకు పోయే ముందటి శనివారం నా కాంటా మీద కల్యాణ్ యాభై కిలోల ఆరు వందలు. సారు వాడి వీపు తట్టి, నాకు చెయ్యి కలిపి పోయాడు.

జనగామలో నేను లేను. పిల్లలు తర్వాత చెప్పింది ఇది. పొద్దున తొమ్మిదికి అక్కడి మిషను మీద కల్యాణ్ యాభై రెండు కిలోల రెండు వందలు వచ్చాడు. మిగతా పిల్లల బరువులు కూడా పెరిగినట్టే కనిపించాయట. కానీ వాళ్ళంతా నలభైల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళ గురించి ఎవరు పట్టించుకుంటారు? సారు కళ్ళు కల్యాణ్ అంకె మీదే నిలిచిపోయాయి.

"ఏం తిన్నవురా రాత్రి?"

"ఏం తినలే సార్."

"నాకు తెల్వదా? బస్టాండ్ల కొనుక్క తిన్నవా? ఎవడు పెట్టిండు?"

"యాడీ మీద ఒట్టు సార్, ఏం తినలే."

తల్లి మీద ఒట్టు పెట్టినా సారు నమ్మలేదు. ఎట్లా నమ్ముతాడు? నాలుగు నెలలుగా నా కాంటా చెప్పిన మాట నమ్మాడు మరి. పదకొండున్నరకు పేర్ల జాబితా మూసేస్తారు. పన్నెండు వందల గ్రాములు దిగాలి. ఆటగాళ్ళలో ఇదొక పాత పద్ధతి. మంగలి దుకాణంలో గుండు కొట్టించి, రెండు స్వెటర్లు తొడిగించి, చుక్క నీళ్ళు ఇవ్వకుండా గ్రౌండు చుట్టూ పరుగెత్తించాడు. వానలు వెనక్కి పోయాక వచ్చే ఆ అక్టోబరు ఎండ ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా! గంట తర్వాత తూస్తే నాలుగు వందలు ఎక్కువున్నాడు. మళ్ళీ పరుగు. వంద గ్రాములు ఎక్కువున్నాడు. "ఇంక రెండే రౌండ్లురా, నా బంగారం" అన్నాడట సారు. రెండో రౌండు సగంలో కల్యాణ్ బోర్లా పడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది, మూత్రం నల్లగా వచ్చింది. సారు ఆ ఈడ్చుకాలితోనే పిల్లవాణ్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు.

వరంగల్ పెద్ద దవాఖానలో పద్దెనిమిది రోజులు. రక్తం కడిగారు, బతికించారు. కానీ కిడ్నీలు సగమే మిగిలాయన్నారు. ఆట మాట మర్చిపోవాలన్నారు. మంచం పక్కన కూర్చున్న జమ్లీ, కొడుకు బతికితే సమ్మక్కకు వాడి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. మేడారంలో మనం బెల్లాన్నే బంగారం అంటాం. మనిషి ఎంత తూగితే అంత బెల్లం తల్లికి ఇవ్వాలి.

విచారణకు ఆఫీసరు వచ్చాడు. సారు తన నోట్‌బుక్ చూపించి, శనివారం శనివారం తూచామని, తూకం ఎప్పుడూ దాటలేదని చెప్పాడు. నమ్మాలంటే సాక్ష్యం కావాలి కదా, ఆఫీసరు సారును వెంటబెట్టుకుని మా దుకాణానికే వచ్చాడు. అవునంటే కాంటా తనిఖీ చేస్తారు. తనిఖీ చేస్తే నా బతుకు బజారున పడుతుంది.

"పిల్లలు ఆడుకుంట ఎక్కుతుంటరు సార్. తూకాలు గీకాలు నాకేమెరుక?" అన్నాను.

సారు నా మొహంలోకి చూశాడు. "సేటూ, ప్రతిసారి అంకె నువ్వే గద చదివినవ్?"

"యాదికి లేదు సారూ."

అంతే. నోట్‌బుక్ దొంగరాత అయిపోయింది. సారు నౌకరీ పోయింది, కేసు మీద పడింది. బడిలో కబడ్డీ కోర్టు నిండా గడ్డి మొలిచింది. దీపావళికి పోయిన పిల్లల్లో ముప్పై మంది తిరిగి రాలేదని లెక్కల సారు చెప్పాడు. నేను తేలు కుట్టిన దొంగలా గల్లా దగ్గర కూర్చున్నాను. మిర్చి సీజను వచ్చింది. సిగ్గులేని ముండాకొడుకును, అదే కాంటా మీద మళ్ళీ కొన్నాను.

మేడారం జాతర ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పూట జమ్లీ వచ్చింది. వెనక కల్యాణ్. గుండు మీద జుట్టు మొలిచింది గానీ మొహం ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. వాడి వెనక ఇమ్మానుయేల్ సారు. భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర కాపలా పనికి కుదిరాడట. నెలనెలా పిల్లవాణ్ని దవాఖానకు తీసుకుపోయేది ఆయనేనని జమ్లీ చెప్పింది.

నేను ఏమైనా అడుగుతానని కాబోలు, సారే అన్నాడు: "నా దేవుడు వేరే సేటు. అయినా మొక్కింది వీని పానం కోసం గద. మూట మోద్దామని వచ్చిన."

"బంగారం కావాలె సేటు" అంది జమ్లీ. "ముందుగాల పిల్లగాన్ని జోకు. ముందటి కాంటా మీద నిలవడు, వెనక పెద్దదాని మీద జోకు."

కల్యాణ్ అలవాటు ప్రకారం చెప్పులు విడిచి కాంటా ఎక్కాడు. ఊపిరి బిగబట్టి, చేతులు కిందికి పెట్టి నిలబడ్డాడు. ఎర్ర అంకెలు ముప్పై ఏడు కిలోల ఎనిమిది వందల దగ్గర ఆగాయి.

"సారూ, ఎంతున్న?"

సారు తల పక్కకు తిప్పుకున్నాడు. నేనే చదివాను. "గంతనే జోకు" అంది జమ్లీ. ముందు గదిలోకి వచ్చి బెల్లం ముద్దలు ఒక్కొక్కటే చిన్న కాంటా మీద పెట్టడం మొదలుపెట్టాను. ముప్పై కిలోల దాకా వచ్చేసరికి తూచడం ఆపాను. వాడి ఒంట్లో కిలోకు పైగా ఈ లెక్కలో లేదు. తల్లికి మొక్కింది నా షెడ్డులో తరుగు పోతోంది. ఆఫీసరుకు అబద్ధం చెప్పడానికి నోరు వచ్చింది గానీ సమ్మక్కకు తక్కువ తూచడానికి చెయ్యి రాలేదు. నేనేమీ పుణ్యాత్ముణ్ని కాదు. భయం, ఉత్త భయం.

"జమ్లీ, గా తూకం వద్దు. వెనక కాంటా తక్కువ చూపెడ్తది" అన్నాను.

"ఎంత తక్కువ?" అడిగింది జమ్లీ కాదు, సారు.

"క్వింటాలుకు మూడు కిలోలు."

సారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "యాభైకి కిలోన్నర" అన్నాడు మెల్లగా. "జూన్లనే ఒక్క మాట చెప్తే, పూటకొక ముద్ద తగ్గిద్దుము గద సేటూ."

"గట్లయితే మా మిర్చి గూడ?" అంది జమ్లీ.

కల్యాణ్ బస్తా మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. వాడికి మిర్చి పట్టలేదు, నేను పట్టలేదు. సారును చూసి అన్నాడు:

"నేనేం తినలేదని చెప్పిన గద సార్."

సారు ఆ విరిగిన మోకాలు మీదే కూలబడి వాడి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. పిల్లవాడు బెదిరిపోయి, "లే సార్, లే సార్" అంటూ చేతులు లాగుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. "ఆఫీసరుకు కాగితం రాసిస్త సారూ, మీ తప్పు లేదని" అన్నాను.

"కాంటా సంగతి రాయి. తప్పు లేదని మాత్రం రాయకు" అన్నాడు లేవకుండానే. "తల్లి మీద ఒట్టేసినా నేను వీన్ని నమ్మలే."

ముప్పై తొమ్మిది కిలోలు తూచాను. చేతులు ఊరుకోక ఇంకొక ముద్ద తీసి పైన పెట్టాను. జమ్లీ ఆ ముద్దను తీసి గల్లా మీద నా ముందు పెట్టింది.

"ఎక్కువ వద్దు సేటు. సరిగ్గ జోకు."