బావిలోకి దిగబోయే రోటరీ ఇంజను: నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా

ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఒక్కటే. మే తొమ్మిదో తేదీన ఆళ్లగడ్డ దగ్గర ఒక సేద్యపు బావిలోకి రోటరీ ఇంజను దింపబోతున్నారు. లోపల దాని పక్కన కూర్చుని నడపాల్సిన మనిషి మా నాయన. నేను నంద్యాలలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఆ ఇంజనును చూసి తమ బావికీ అలాంటిదే పెట్టించుకుందామని చాలామంది రైతులు ఆళ్లగడ్డ వెళ్తున్నారని విన్నాను. వెళ్లబోయే ముందు వాళ్లు ఇది చదవాలని నా కోరిక.

నంద్యాల బస్టాండులో పొద్దున ఆరున్నరకు కడప బస్సు ఎక్కాను. ఆళ్లగడ్డకు టికెట్టు అయిదు రూపాయల లోపే, ప్రయాణం గంటకు కొంచెం ఎక్కువ. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే శిరివెళ్ల దాటాక నల్లమల కొండలు కనిపిస్తూ ఉంటాయి. నేను మాత్రం ఒళ్లో పుస్తకం తెరిచి రోటరీ ఇంజను బొమ్మనే చూస్తున్నాను.

"ఏం పాపా, బస్సులో గూడా వదలవా? పరీక్షలా?" అన్నాడు కండక్టరు.

"లేదన్నా, ఒక ఇంజను చూడను పోతాండా."

"ఇంజనా? ముందు మాదాన్ని చూడు తల్లీ. ఎత్తు వస్తే చాలు, ఏడుస్తాంది."

"ఏడ్చేది ఇంజను గాదప్పా, నీ గొంతు," అన్నాడు డ్రైవరు వెనక్కి తిరగకుండానే. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆళ్లగడ్డలో దిగి బస్టాండు ఎదుట ఉగ్గాని తిందామని కూర్చున్నాను. సగం కూడా తినలేకపోయాను. విగ్రహాలు చెక్కే వీధి మీదుగా పది నిమిషాలు నడిస్తే మస్తాన్ అన్న లేత్ షాపు వస్తుంది. ఇంజను ఆయనదే, బావీ ఆయనదే. నాయన ఎన్నో ఏళ్లుగా ఆయన చీనీ (బత్తాయి) తోటలో పంపుసెట్టు నడుపుతున్నాడు. ఈ ఎండలకు బావిలో నీళ్లు బాగా లోతుకు పోయాయి. గట్టు మీద ఉన్న డీజిల్ ఇంజను, పంపు అంత లోతు నుంచి నీళ్లు లాగలేవు. ఆ ఇంజనును కిందికి దింపాలంటే పదిమంది మనుషులు, గొలుసులు కావాలి. మద్రాసులో పాత ఇనుము కొట్టులో దొరికిన ఈ విదేశీ రోటరీ ఇంజనునైతే ఇద్దరే మోసుకుని మెట్లు దిగగలరు.

"ఏందిమే, చెప్పకుండా వచ్చినావు? కాలేజీ లేదా?" అన్నాడు నాయన నన్ను చూసి. ఆయన చేతిలో కిరసనాయిలు గుడ్డ, ముఖంలో కొత్త పెళ్లికొడుకు కళ.

అప్పటికి ఇంజను విప్పి ఉంది. మామూలు ఇంజనులో పిస్టను కిందికీ పైకీ ఆడుతుంది. దాని చుట్టూ గుండ్రటి రింగులు గ్యాసును ఆపుతాయి, కింద నుంచి నూనె అందుతుంది. రోటరీలో పిస్టను ఉండదు. మూడు మూలల రోటరు ఒక గుల్లలో తిరుగుతుంది. ప్రతి మూలా ఒక సన్నటి పట్టీ గోడను రాసుకుంటూ పోవాలి. ఆ పట్టీ గోడకు ఆనేది ఒక గీత మందమే. దానికి నూనె అందించడానికి వేరే దారి లేక ఇంధనంలోనే కలుపుతారు. ఆ నూనె కూడా కాలి పొగవుతుంది. నూనె పెంచితే పొగ, తగ్గిస్తే పట్టీ అరుగుదల. చదువుకునేటప్పుడు ఇది పరీక్షలో రాసే రెండు వాక్యాలు మాత్రమే.

అసలు పట్టీలు విరిగిపోతే మస్తాన్ అన్న పాత లారీ ఇంజను సిలిండరులో ఉండే లైనరు గొట్టం కోసి కొత్తవి చేశాడు. పని చాలా శుభ్రంగా ఉంది. కానీ గుల్ల లోపల వేలు పెట్టి రాస్తే గోడ నున్నగా లేదు. గాలికి ఇసుక మీద పడే అలల్లాంటి గీతలు తగిలాయి. పట్టీ ఆనకుండా ఎగిరెగిరి కొట్టిన గుర్తులు అవి.

ఇంజను బిగించాక చేత్తో తిప్పి చూశాను. లోపల నొక్కుకున్న గాలి గట్టిగా అడ్డుకోవాల్సిన చోట, పట్టీల సందుల్లోంచి సుయ్‌మని జారిపోయింది. తర్వాత స్టార్టు చేశారు.

"చూడు, పొగ సగం తగ్గలా?" అన్నాడు మస్తాన్ అన్న. "బావిలోకి గదా, అందుకే నూనె తగ్గించినా."

"నూనె తగ్గిస్తే పట్టీలు ఇంకా బేగా అరుగుతాయి అన్నా. సగం కాలిన గ్యాసు బయటికొస్తాది. కనపడే పొగ తగ్గింది, కనపడని విషం తగ్గలేదు. బావిలో అది యాడికి పోతాది?"

"లాంతరు దింపి చూస్తాంలే. ఆరకుంటే మంచి గాలే," అన్నాడు నాయన.

"ఆ విషానికి లాంతరు ఆరదు నాయనా. మనిషే ముందు పడతాడు."

"అంటే నేను లాంతరు కన్నా నాసిరకమంటావ్!" అని నాయన పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఊర్లో ఇంతమంది ఉండగా నన్నే పిల్చినాడుమే. ఇప్పుడు భయమని చెప్పేదెట్ల? పాస్టరుగారు గూడా ప్రార్థన చేయను వస్తాండాడు," అన్నాడు.

మస్తాన్ అన్న చెడ్డవాడు కాదు. ఇంజను గట్టు మీదే ఉంచి, పొడవాటి షాఫ్టుతో లోపలి పంపును తిప్పవచ్చని నేనంటే కాదనలేదు. "నెల పడతాది. అంతలో చెట్లు ఎండిపోతాయి," అన్నాడు. "పుస్తకంలో చదివి చెప్తే ఆపను పాపా. ఇట్లాంటిదాన్ని విప్పినోడు, నడిపినోడు ఎవరన్నా రాసిస్తే దింపను. అల్లా మీద ఒట్టు," అన్నాడు.

మధ్యాహ్నం బావి చూసి వచ్చాను. సగం లోతులో ఇంజను కోసం రాతిగూడు తొలిచి సిద్ధం చేశారు. అక్కడ నిలబడి పైకి చూస్తే ఆకాశం చాపంత ఉంది. గాలి కదలడం లేదు. ఆ గూడు పక్కనే నాయన కూర్చోవడానికి ఒక బండ కూడా వేశారు.

తిరుగు బస్సులో చాలా ఆలోచించాను. ఇంతకాలం మందుసీసా మీది మాటలైనా, కరెంటు బిల్లయినా నేను చదివి చెబితే నాయన అలాగే నమ్మేవాడు. మొదటిసారి నమ్మలేదు. నేను చెప్పింది తప్పని తేలితే సిగ్గుపడి ఊరుకుంటాను, ఆ సిగ్గు నాకు ఇష్టమే. నిజమని తేలే మార్గం మాత్రం ఆ బావిలో ఒక్కటే ఉంది.

బావిలో ఇంజను నడిపే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. ఇంజను ఆడుతున్నంతసేపు మనిషి గట్టు మీదే ఉండాలి. ఆపాక కూడా వెంటనే దిగవద్దు. దిగక తప్పకపోతే నడుముకు తాడు కట్టుకుని, దాన్ని పట్టుకునే ఇద్దరిని పైన ఉంచుకోండి. లోపల ఎవరైనా పడిపోతే కాపాడాలని ఇంకొకరు వెంట దూకవద్దు.

రోటరీ ఇంజనును విప్పి, పట్టీలు మార్చి, నడిపి చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, చూసినది చూసినట్టు ఒక కార్డు మీద రాయండి చాలు. మస్తాన్ అన్న చదవగలిగేలా తెలుగులో రాయండి. ఈ పత్రిక చిరునామాకు పంపితే నాకు అందుతుంది. మే ఏడో తేదీలోపు అందేలా పంపండి. ఎనిమిదిన దాన్ని తీసుకుని నేను ఆళ్లగడ్డ వెళ్లాలి.