పద్నాలుగో టేబుల్ పాఠం

వీధిలో అందరూ ఆయన్ని ఓడాయన అంటారు. ప్రయాణికుల ఓడల్లో, భోజనాల హాల్లో ముప్ఫై ఒక్కేళ్ళు వడ్డన చేసి నిరుడే రిటైరయ్యాడు. ఓడాయన అన్న మాట వినగానే కొత్తవాళ్ళు కెప్టెనేమో అనుకుని కాస్త సర్దుకుని నిలబడతారు. ఆయన ఆ పొరపాటును వెంటనే దిద్దడు. ఓ రెండు నిమిషాలు ఆ మర్యాదంతా హాయిగా అనుభవించి, అప్పుడు, "నేను నడిపింది సూపు గిన్నెల బండినండీ," అంటాడు.

పాతికేళ్ళు దాటి పనిచేసినవాళ్ళకి కంపెనీ ఓ కానుక ఇచ్చింది. ఇద్దరికి పన్నెండు రోజుల ఓడ ప్రయాణం, గది, తిండి అన్నీ ఉచితం. ఓ ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చి, వాళ్ళమ్మ కుట్టుమిషను మీద లాప్‌టాప్ పెట్టుకుని ఫారం నింపడం మొదలుపెట్టింది. పేర్లు, వయసులు, మంచాలు కలిపి వెయ్యాలా విడివిడిగానా, అన్నీ చకచకా అయిపోయాయి. రాత్రి భోజనం దగ్గరికొచ్చేసరికి పని ఆగింది.

"రెండు పద్ధతులున్నాయి నాన్నా," అంది కూతురు. "ఒకటి, పన్నెండు రోజులూ ఆరున్నరకి ఒకే టేబుల్. పక్కన అదే మనుషులు, వడ్డించేది అదే మనిషి. రెండోది, ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర లోపు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. ఏది పెట్టను?"

"ఎప్పుడైనా వెళ్ళేది," అన్నాడు ఓడాయన.

"ఒకే టేబుల్," అంది ఆయన భార్య అదే క్షణంలో, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తియ్యకుండానే.

కూతురు ఇద్దరి మొహాలూ చూసి లాప్‌టాప్ మూసేసింది. "శుక్రవారం దాకా గడువుంది. మీరూ మీరూ తేల్చుకుని చెప్పండి. మధ్యలో నన్ను ఇరికించకండి," అని చెప్పులేసుకుని తనింటికి వెళ్ళిపోయింది.

చూడ్డానికి ఇదీ ఓ గొడవేనా అనిపిస్తుంది. కానీ ఓడాయన బతుకంతా ఆ రెండు పద్ధతుల్లో మొదటిదాని మీదే నడిచింది. ప్రతి ప్రయాణంలోనూ ఆయనకి రెండు టేబుళ్ళు, పన్నెండు మంది మనుషులు. మొదటి రాత్రి వాళ్ళెవరో ఆయనకి తెలీదు. రెండో రాత్రికల్లా ఎవరు రొట్టె అంచులు వదిలేస్తారో, ఎవరు రుచి చూడకుండానే ఉప్పు చల్లుకుంటారో, ఎవరు మొగుడు అటు తిరగ్గానే రెండో ఐస్‌క్రీముకి సైగ చేస్తారో కంఠతా వచ్చేసేది. కాగితం మీద రాసుకోవడం నామోషీ. ప్రయాణం ఆఖరి రోజున వడ్డనవాళ్ళందరూ వంటగది పక్కన గిన్నెల అరల మధ్య నిలబడి, తమ టేబుల్ మనుషుల గురించి ఒక్కొక్కరే గడగడా చెప్పాలి. దాన్ని పాఠం అప్పజెప్పడం అనేవాళ్ళు. వడ్డనవాళ్ళందరికీ పైవాడైన హెడ్ స్టూవర్డ్ పెట్టిన అలవాటది. ఎక్కడైనా తడబడితే ఆ పూట హాల్లో గ్లాసులన్నీ వాళ్ళే కడగాలి. ఓడాయన ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క గ్లాసు కూడా కడగలేదు. ఈ సంగతి ఆయన ఎంతమందికి చెప్పాడంటే, గ్లాసు అన్న మాట వినబడితే చాలు, ఎదురింటాయన పని గుర్తొచ్చిందని లేచిపోతాడు.

ఏడాదికి రెండు నెలలు సెలవు. ఆ రెండు నెలలే ఆయన మొగుడూ, తండ్రీ, ఇంటి యజమానీ. భార్య ముందుగదిలో మిషను వేసుకుని కర్టెన్లు, పరుపు గలీబులు, సోఫా కవర్లు కుట్టేది. సాయంత్రం లైటు వేశాక ఆవిడ మిషను తొక్కుతూ ఉంటే, ఈయన తలుపు చెక్కకి ఆనుకుని నిలబడి ఆ ఏడాది పాఠాలన్నీ మళ్ళీ అప్పజెప్పేవాడు. రొట్టె అంచులు వదిలేసే జడ్జిగారు. మెనూ చదవడానికి ఒక కళ్ళజోడు, మనుషుల్ని చూడ్డానికి ఇంకో కళ్ళజోడు మార్చే ముసలమ్మ. కొత్త పెళ్ళాం ముందు చేప ముళ్ళు తియ్యడం రాక, చేపంటేనే పడదని బొంకిన కుర్రాడు. ఒకరి సంగతి అవగానే ఆవిడ తల ఎత్తకుండా, "తర్వాత?" అనేది. మిషను నూనె వాసన, గుడ్డల కుప్ప, మూల నిద్రపోతున్న పిల్ల, మధ్యలో ఆ "తర్వాత?" ఇప్పటికీ ఓడాయనకి ఇల్లు అంటే ముందు గుర్తొచ్చేది అదే.

ఆవిడ వాళ్ళలో ఒక్కరినీ చూడలేదు. అయినా నాలుగేళ్ళ తర్వాత ఉన్నట్టుండి, "అవునూ, ఆ జడ్జిగారి మోకాలు నొప్పి తగ్గిందంటారా?" అని అడిగేది.

పెళ్ళయ్యాక సెలవుకి వచ్చిన ప్రతిసారీ ఆయన ఓడ మీద అమ్మే బాదం బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చేవాడు. మళ్ళీ ఏడాది వచ్చేసరికి డబ్బా ఖాళీ. భార్యకి బాదం అంటే ప్రాణమని ఆయనకి అలా తెలిసింది. ఇరవై ఎనిమిది ఖాళీ డబ్బాలు మిషను పైన అరలో వరసగా ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో రంగు బొత్తాలు. వాటిని చూసినప్పుడల్లా ఆయన ఛాతీ ఓ అంగుళం పెరుగుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ మనిషికి కూర్చుని తినడం చేతకాదు. ఒకరు తింటుంటే తను నిలబడి ఉండాలి, అదీ ఒంటికి పట్టిన అలవాటు. ఇంట్లో కూతురికి వడ్డించి, వంటింటి గట్టు దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు గబగబా మింగేసి చెయ్యి కడిగేసుకునేవాడు. భార్య మొదట్లో బతిమాలింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత ఊరుకుంది. ఆయన తిన్నాక, కుట్టు పని అయ్యాక, వంటిల్లు సర్దాక ఆవిడ ఎప్పుడో తినేది. రిటైరై వచ్చి ఏడాదైనా అదే వరస.

గురువారం సాయంత్రానికి గొడవ తెగలేదు.

"ముప్ఫై ఒక్కేళ్ళు ఆరున్నరకి హాజరు వేయించుకున్నాను," అన్నాడు ఓడాయన. "ఇప్పుడు కూడా వేయించుకోమంటావా?"

"అది కాదు మీ బాధ. అసలు సంగతి చెప్పండి."

ఆయన కాసేపు గుడ్డపీలికలు ఏరాడు. "పన్నెండు రోజులు రోజూ కలిసి తింటాం. బాగా దగ్గరవుతారు. పదమూడో రోజు పెట్టెలు తీసుకుని దిగిపోతారు. మళ్ళీ కనబడరు. చెయ్యి ఊపి ఊపి విసుగెత్తిపోయిందే. ఎవరూ తెలీకుండా తినేసి వస్తే ఏ గొడవా ఉండదు."

ఆవిడ మిషను ఆపింది. "చెయ్యి ఊపడం మీ ఒక్కరికే వచ్చనుకుంటున్నారా? ఏటా గేటు దగ్గర నిలబడి నేను ఊపలేదూ? మీరు ఇంట్లో కాస్త అలవాటయ్యేలోపే పెట్టె సర్దేవారు. నేనేమైనా అన్నానా?" మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టింది. "నాకు పన్నెండు పూటలు కావాలి. మీరు నా ఎదురుగా కూర్చోవాలి. నేను తినడం అయ్యేదాకా లేవకూడదు. అంతే, ఇంకేమీ అడగను."

ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం ఆయనకి గుర్తులేదు. లేచి కూతురికి తనే ఫోన్ చేశాడు. "ఒకే టేబుల్ పెట్టమ్మా. ఆరున్నర."

"అమ్మ గెలిచిందా నాన్నా?"

"టైము సరిగ్గా వెయ్యి. ఎక్కువ మాట్లాడకు."

వాళ్ళకి పద్నాలుగో టేబుల్ వచ్చింది, కిటికీ పక్కన. కళ్ళజోళ్ళ షాపు నడిపే అక్కాచెల్లెళ్ళిద్దరు, లారీ నడిపి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య. వడ్డించేది నలభై దాటిన ఒకావిడ, నవ్వు తక్కువ, చేతులు చురుకు. మొదటి రాత్రి సూపు అవగానే ఓడాయన లేచి ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చేశాడు. ఆ వడ్డనావిడ వచ్చి ఆయన చేతిలోంచి మెల్లగా అందుకుంది.

"కూర్చోండి సార్. ఈ టేబుల్ నాది."

ఇదే మాట ఆయన ఎంతమందితో అని ఉంటాడో. కూర్చున్నాడు. టేబుల్ కింద కాళ్ళు మాత్రం ఆగలేదు. భార్య ఎదురుగా కూర్చుని ఆ అవస్థంతా చూస్తూ నవ్వుకుంటోంది.

రెండో రాత్రికి ఆయనకి పాఠం వచ్చేసింది. లారీ పెద్దాయన అన్నీ కలిపేసుకుని తింటాడు. అక్కగారు వెన్న ముట్టదు, చెల్లెలు అక్కగారి వాటా వెన్న కూడా లాగించేస్తుంది. చాలా కాలం తర్వాత ఆయనకి ప్రాణం లేచొచ్చింది. భార్య వైపు మాత్రం అంత పట్టి చూడలేదు. తెలిసిన మనిషే కదా, కొత్తగా చూసేదేముందనుకున్నాడు.

ఆ టేబుల్ మీద ప్రతి రాత్రీ కాఫీతో పాటు బాదం బిస్కట్లు పెట్టేవాళ్ళు, ఆయన ఇంటికి తెచ్చే రకమే. మూడో రాత్రి వడ్డనావిడ అందరి ముందూ బిస్కట్ల పళ్ళేలు పెట్టి, ఓడాయన భార్య ముందు మాత్రం తొక్క తీసిన నారింజ తొనలు పెట్టింది. ఓడాయన ఆ పొరపాటు పట్టేసినందుకు లోలోపల సంతోషించాడు. తోటి పనివాడు చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇక్కడ చిన్న పొరపాటు జరిగిందమ్మా. మా ఆవిడకి బాదం అంటే ప్రాణం."

వడ్డనావిడ ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆవిడనీ చూసింది. "రెండు రాత్రులూ ముట్టుకోలేదండీ. నిన్న పక్కావిడకి ఇచ్చేశారు. నారింజ అయితే బాగుంటుందేమోనని తెచ్చాను."

భార్య తల దించుకుని నారింజ తొన ఒకటి తీసుకుంది.

భోజనం అయ్యాక ఇద్దరూ పైకొచ్చి రెయిలింగు దగ్గర నిలబడ్డారు. "మరి ఆ డబ్బాలన్నీ?" అన్నాడాయన.

"మొదటిసారి మీరు ఎంత సంబరంగా మూత తీశారనీ. అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. రెండోసారి చెబితే మొదటిసారి ఎందుకు చెప్పలేదంటారు. ఆ తర్వాత ఇంకెప్పుడు చెప్పేది? పిల్ల తినేది, వీధిలో పిల్లలు తినేవాళ్ళు. డబ్బాలు మాత్రం నాకు చాలా ఇష్టమండీ. ఒట్టు."

ఆవిడ నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఎక్కడివాడో కూడా తెలియని జడ్జిగారు వదిలేసిన రొట్టె అంచులు ఆయనకి ఇరవై ఏళ్ళుగా గుర్తున్నాయి. తన ఇంట్లో మనిషి ఏం తింటుందో, ఏం వదిలేస్తుందో తెలీదు. ఆవిడ తింటుండగా మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా కూర్చుని చూసి ఉంటేగా. ఇన్నేళ్ళ సాయంత్రాల్లో పాఠం చెప్పింది తనే, విన్నది ఆవిడే. ఆవిడ గురించి అడగడం తనకి తట్టనేలేదు. ఆ సాయంత్రాలు మళ్ళీ రావు.

మర్నాటి నుంచి ఆయన అక్కాచెల్లెళ్ళ వెన్న సంగతి పట్టించుకోలేదు. టేబుల్ కింద కాళ్ళు కూడా ఎప్పుడు కుదురుకున్నాయో ఆయనకే తెలీదు. మిగతావాళ్ళందరూ లేచి వెళ్ళిపోయినా, భార్య చెంచా కింద పెట్టేదాకా కుర్చీలోంచి కదల్లేదు. తొమ్మిదో రాత్రి ఆవిడే, "అంత కళ్ళప్పగించి చూడకండి, ముద్ద దిగడం లేదు," అని విసుక్కుంది.

పదమూడో రోజు పొద్దున దిగేవాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టారు. పెట్టెలకి కట్టిన చీటీ రంగు పిలిస్తే వెళ్ళాలి. వీళ్ళది పసుపు. అక్కాచెల్లెళ్ళు ముందే దిగిపోయారు, లారీ పెద్దాయన చెయ్యి ఊపి వెళ్ళాడు. భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని, కిటికీలోంచి రేవు వైపు చూస్తూ, "ఈసారి పాఠం చెప్పరా?" అంది.

ఓడాయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, కుర్చీ తిప్పుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు.

"పద్నాలుగో టేబుల్," అని మొదలుపెట్టాడు. "కిటికీ పక్క కుర్చీ. ఆవిడకి బాదం పడదు. సూపు బాగా చల్లారితే గానీ ముట్టదు. పుల్లగా ఉన్నదేదైనా ముందు తినేస్తుంది. రొట్టె నాలుగు ముక్కలు చేసుకుని మూడే తింటుంది, నాలుగోది ఎవరైనా అడుగుతారేమోనని అట్టేపెడుతుంది. ఎవరూ అడగరు. అయినా రోజూ అట్టేపెడుతుంది. నవ్వొస్తే చెంచా కింద పెట్టేసి నవ్వుతుంది. ఎదురుగా ఉన్న మనిషి కడుపు నిండిందని తేలేదాకా ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకోదు."

ఆవిడ కిటికీ వైపే చూస్తోంది. తల తిప్పకుండానే, "తర్వాత?" అంది.

ఓడాయన నోరు తెరిచాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో మొదటిసారి ఆయనకి పాఠం ఆగిపోయింది.

"అంతవరకే వచ్చింది," అన్నాడు.

పసుపు చీటీలవాళ్ళని పిలుస్తున్నారు. ఆవిడ పైటతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"అయితే ఇంటికెళ్ళాక గ్లాసులు మీరే కడగాలి."

"కడుగుతాను," అన్నాడు ఓడాయన, ఆవిడ చేతిలో సంచీ అందుకుంటూ. "ముందు ఇద్దరం కూర్చుని తిందాం. ఆరున్నరకి."