కాశయ్య వేళ్లకు తెలియని తాకిడి

తర్లగూడ నుంచి కూలికి వచ్చిన కాశయ్య కిరండూల్ కొండమీది ఇనుప గనిలో తొమ్మిదేళ్లు డ్రిల్లు పట్టాడు. రాయిని తొలిచే ఆ యంత్రం పొద్దంతా చేతుల్లో దడదడలాడేది. పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఒక చలికాలం ఉదయం చొక్కా గుండీ పెట్టుకోబోతే అది వేళ్లకు దొరకలేదు. వంగి చూస్తే వేళ్ల మధ్యనే ఉంది.

"సోమమ్మా, జర ఈ గుండీ పెట్టు. చేతిల ఉన్నా లేనట్టే ఉంది" అన్నాడు భార్యతో.

"ఏంది, పొద్దుగాలనే పరాచికమా?" అంటూనే ఆమె పెట్టింది.

ఆ రోజే బియ్యం బస్తా ఎత్తితే బరువు అరచేతులకు బాగానే తెలిసింది. బస్తా తెలిసిన చేతికి గుండీ ఎందుకు తెలియలేదు? ఎంత ఆలోచించినా అంతుపట్టక ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టర్ రాజేశ్వరరావు అతని కళ్లకు గుడ్డ కట్టి, వేలికొసను దూదితో తాకాడు.

"తెలుస్తోందా?"

"పెట్టుర్రి సారూ, చెప్త."

"పెట్టాను."

తర్వాత బొటనవేలితో నొక్కితే "ఒత్తుతున్నరు" అన్నాడు. సూదిమొనలు తాకించి ఎన్నో చెప్పమంటే "ఒక్క సూది" అన్నాడు. గుడ్డ తీసి చూస్తే పక్కపక్కన రెండున్నాయి. రెండోది ఇప్పుడే తెచ్చారేమోనని డాక్టర్ వైపు అనుమానంగా చూశాడు.

"చర్మంలో కంటికి కనిపించని గ్రాహకాలుంటాయి కాశయ్యా. పైపైన ఉన్నవి దూదిలాంటి మెత్తని తాకిడిని పట్టుకుంటాయి. లోతున ఉన్నవి ఒత్తిడిని, అదురును పట్టుకుంటాయి. అవి నరాల ద్వారా మెదడుకు కబురు పంపితేనే మనకు తెలుస్తుంది. ఏళ్ల తరబడి అదిరి అదిరి నీ వేళ్లలో పైవి చాలా, లోతువి కొన్ని దెబ్బతిన్నాయి. అందుకే ఒత్తిడి తెలుస్తోంది, దూది తెలియడం లేదు. ఇక డ్రిల్లు పట్టకు."

"అదురు పట్టేటివి అదురుతోనే చెడుతయా? గదేంది సారూ?"

డాక్టర్ మళ్లీ చెప్పాడు. కాశయ్య తల ఊపాడు గానీ, అర్థమైందో లేదో అతనికే తెలియలేదు.

గనివాళ్లు అతన్ని స్టోరులో వేశారు. నున్నటి వాషర్లను, అంచు గరుకుగా ఉన్నవాటిని వేరు చేయాలి. వేళ్లకు రెండూ ఒకటే. ఒకసారి చెమట తుడుచుకుంటుంటే చేతిలోని వాషరు పెదవికి గీసుకుంది. గరుకు! అప్పటినుంచి ప్రతిదాన్నీ కింది పెదవికి ఆనించి చూడసాగాడు.

"ఇనుము తింటవా ఏంది?" అని నవ్వాడు స్టోరు చూసే సీతయ్య. తర్వాత తానూ అలాగే చేసి చూసి, నవ్వు ఆపి, పెట్టె మొత్తం కాశయ్య ముందుకు జరిపాడు.

రెండేళ్లకు ఒక సాయంత్రం చూపుడువేలి మీద చీమ పాకడం తెలిసింది. "సోమమ్మా, చీమ! తెలుస్తున్నది!" అని అరిచాడు. మరునాడు ఆ వేలే మళ్లీ మొద్దుబారింది.

మళ్లీ వెళ్లి అడిగితే డాక్టర్, "ఆ గ్రాహకాల్లో కొన్ని తిరిగి రావచ్చు, కొన్ని రాకపోవచ్చు" అన్నాడు.

వేలు ఏ రోజు చెప్పిన మాట నమ్మాలో కాశయ్యకు చివరిదాకా తేలలేదు.